లేని ఎలుక

జూన్ 4, మంగళవారం

ఏం తిన్నానో రోజూ ఒక పుస్తకంలో రాసి తెమ్మంది డాక్టరమ్మ. పుస్తకమైతే కొన్నాను. నేనేం తిన్నానో కాదు, ఎవరెవరు నా ప్రాణం తింటున్నారో ఇందులో రాస్తాను.

మొదటి పేజీ ఆవిడదే. చూస్తే ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. కాగితాలు తిరగేసి, "పద్దెనిమిదేళ్ళ షుగరమ్మా మీది. మాత్రలు ఇంక లాగలేవు. ఇన్సులిన్ మొదలుపెడదాం," అంది.

"వద్దు," అన్నాను.

"ఎందుకొద్దు?"

"వద్దు కాబట్టి వద్దు."

పరీక్షకి ముందు వారమంతా నోరు కట్టుకున్నాను. పొద్దున పరగడుపున తీసిన రక్తం బుద్ధిగా తక్కువే చూపించింది. ఆ రెండో పరీక్ష ఒకటుంది, మూడు నెలల సగటు చెప్పేది. అది పక్కింటావిడ లాగా ఎప్పుడెప్పటి సంగతులో తవ్వి పోసింది. ఏడు లోపు ఉండాల్సింది పదకొండు దాటిందట. మూడు నెలల క్రితం తిన్నది ఎవరైనా గుర్తుపెట్టుకుంటారా? రక్తం గుర్తుపెట్టుకుంటుందట.

ఆ తర్వాత మంచం మీద పడుకోబెట్టి, కళ్ళు మూసుకోమని, గాలపు దారంలాంటి దాంతో అరికాళ్ళ మీద అక్కడా ఇక్కడా తాకింది. తగిలినప్పుడల్లా చెప్పాలి. నేను రెప్పల సందులోంచి ఆవిడ మోచెయ్యి కదలడం చూసి "ఆఁ", "ఆఁ" అన్నాను. ఒక్కటీ తప్పలేదు. "స్పర్శ బాగానే ఉందే," అని ఆశ్చర్యపోయింది. గుడ్డని కంటితో చూసి కొలత చెప్పేదాన్ని నేను. నాకా పరీక్ష.

మా ఆయన పక్కన కూర్చుని ఆవిడ చెప్పిన ప్రతి ముక్కకీ తలూపాడు. స్కూలు బస్సు నడిపి రిటైరైనవాడు, ఎవరేం చెప్పినా ముందు తలూపుతాడు. తిరిగొచ్చేటప్పుడు టీ కొట్టు దగ్గర ఆగితే, "ఈవిడకి షుగరుంది, పంచదార లేకుండా ఇవ్వు," అని గట్టిగా చెప్పాడు. బల్లల దగ్గర ఉన్నవాళ్ళంతా తిరిగి నన్ను చూశారు. దండోరా వేయించినా అంతమందికి తెలిసేది కాదు. టీ అక్కడే వదిలేసి వచ్చేశాను.

జూన్ 5

తీపి మానేశాను. ఇంతటితో సరి.

జూన్ 6

నాలుగింటి టీతో బిస్కెట్టు, సగం. సగం బిస్కెట్టు బిస్కెట్టు కిందకి రాదు.

జూన్ 10, సోమవారం

మా కుట్టు షాపులో నాటకశాల తెర పని మొదలైంది. మీగడ రంగు గుడ్డ, తానుల కొద్దీ. ఇంత పెద్ద తెరకి బల్ల సరిపోదు. మిషన్లన్నీ గోడకి జరిపి, హాలు నేలంతా కడిగి ఆరబెట్టి, గుడ్డ పరిచి, దాని మీద మోకాళ్ళతో పాకుతూ సుద్దగీత గీసుకుంటూ కత్తిరించాలి. చెప్పులు గుమ్మం అవతలే. ఆ రూలు నాది. ఇప్పటి ఓనరు కుర్రతనంలో బూట్లేసుకుని గుడ్డ మీదకొస్తే చెవి పట్టుకుని బయటికి తోలాను. ఇప్పటికీ గుమ్మంలో ఆగి, "అక్కయ్యా, రావచ్చా," అని అడిగి వస్తాడు. కటింగ్ నాది. గుడ్డ మీద నేను పెట్టిన గీత పక్కన ఇంకెవరూ నడవరు.

మిగతా ఐదుగురూ కుట్టేవాళ్ళు. వాళ్ళలో పొడుగు మనిషిని నిచ్చెన అంటాను. ఆ పేరు నేనే పెట్టాను, ఎదురుగానే పిలుస్తాను. మంచిదే, చెయ్యి శుభ్రం. కానీ నెమ్మది. నెమ్మదైన మనుషుల్ని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

ఇన్సులిన్ సంగతి మా ఆయన ఓనరుకి చెప్పాడట, ఓనరు అందరికీ చెప్పాడు. "బతుకంతా సూదితోనే గడిపి సూదికి భయమేంటక్కయ్యా." ఈ జోకు ఇప్పటికి ముగ్గురు వేశారు. మూడోవాడికి కత్తెర చూపించాను.

నాకు సూదంటే భయం లేదు. మా అత్తగారు ఇన్సులిన్ మొదలుపెట్టిన రెండేళ్ళకి పోయింది. సూది వల్ల పోయిందని నేననను. సూది తర్వాతే పోయింది.

జూన్ 13, గురువారం

గుడ్డ మీద రక్తం.

చొక్కా గుండీ అంత మరక. దాని పక్కన ఇంకోటి, ఇంకాస్త దూరంలో ఇంకోటి. మీగడ రంగు మీద ఎర్రగా. ఒళ్ళు భగ్గుమంది. మిషన్లు ఆపించి అందరినీ పిలిచాను. చేతులు చూపించమన్నాను. ఎవరి చేతికీ గాయం లేదు.

"అయితే కాళ్ళు చూపించండి," అన్నాను.

వాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. తర్వాత గోడ పట్టుకుని ఒక్కొక్కరే కాలెత్తారు. నిచ్చెన అరికాళ్ళు చూడాలి, ఎండిన చెరువే.

"ఇదిగో, దొరికింది," అన్నాను. "కాలికి ఇంత నూనె రాసుకునే తీరిక లేదుగానీ నా గుడ్డ తొక్కడానికి తీరికుంది."

"నాది కాదక్కా. ఇవి పాత పగుళ్ళు. వీటిలోంచి రక్తం రాదు."

"మరి గుడ్డ ఏడ్చిందా?"

ఏదో చెప్పబోయి నోరు తెరిచింది. నా కాళ్ళ వైపు చూసి తల దించుకుంది. తప్పు చేసినవాళ్ళే తల దించుకుంటారు. ఇంటికి పొమ్మన్నాను. కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ పోయింది. ఆ తర్వాత సాయంత్రం దాకా ఎవరూ నోరెత్తలేదు. పని బాగా సాగింది.

జూన్ 14, శుక్రవారం

మళ్ళీ మరకలు. నిచ్చెన ఇవాళ రానేలేదు.

జూన్ 14, సాయంత్రం

మధ్యాహ్నం అందరూ భోజనాలకి లేచాక మరకల వెంట పోయాను. మూల నుంచి మొదలై, సుద్దగీత పక్కనే, గీత తిరిగిన చోట తిరిగి, కత్తెర ఆగిన చోట ఆగాయి.

బాత్రూంలో తలుపేసుకున్నాను. అరికాలు కనపడేంత వంగలేను. బ్యాగులోని చిన్న అద్దం కింద పెట్టి చూసుకున్నాను. బొటనవేలి కింద మెత్తటి చోట గుండుసూది ఆకుపచ్చ తల. మిగతా సూదంతా లోపలుంది. ఎప్పుడు దిగిందో. దాని మీద నడిచాను, మెట్లెక్కాను, మోకాళ్ళ మీద పాకాను. లాగితే వచ్చేసింది. నొప్పి లేదు. నొప్పి లేనిది దెబ్బ ఎలా అవుతుంది?

మరకలకి చన్నీళ్ళూ సబ్బూ పెడితే పోయాయి. నిచ్చెనని సోమవారం రమ్మని కబురు పెట్టాను. పనుంది రమ్మన్నాను, అంతే. అంతకంటే చెప్పడానికేముంది?

జూన్ 15

ఏమీ లేదు.

జూన్ 17, సోమవారం

పట్టీ వేసి, పైన సాక్సు వేశాను. ఈ ఎండలో సాక్సెందుకని మా ఆయన. నా కాళ్ళు, నా ఇష్టం. గుడ్డ మీదకి సాక్సుతో వెళ్ళడానికి రూలు అడ్డం రాదు, సాక్సు చెప్పు కాదు.

నిచ్చెన వచ్చింది. అడిగినదానికి బదులు చెప్తుంది. అక్కా అనడం మానేసింది. అనకపోతే పీడా పోయింది, నేనేం ఆవిడ చేత పిలిపించుకోవడానికి పుట్టలేదు.

జూన్ 19

తగ్గుతోంది.

జూన్ 20

తగ్గుతోంది. అది చీము కాదు, నీరు.

జూన్ 22, శనివారం

ఇంట్లో ఎలుక చచ్చింది. కడుపులో తిప్పే కంపు. పొద్దున లేచిన దగ్గర్నుంచి చెప్తుంటే మా ఆయన వినపడనట్టు పేపరు చదువుకుంటున్నాడు. పేపరు లాగి అవతల పారేశాను. అప్పుడు లేచి బీరువా జరిపాడు. లేదు. బియ్యం డబ్బా వెనక చూశాడు. లేదు.

"ముక్కుంది కదా మీకు, వాసన పట్టుకుని పోండి," అన్నాను.

నా వైపు ఒకసారి చూసి, వెళ్ళి స్టూలెక్కి అటక మీద వెతికాడు. పాత డబ్బాలన్నీ దించి మళ్ళీ ఎక్కించాడు. ముప్పై ఏళ్ళు బస్సు నడిపాడు, ఒక ఎలుకని పట్టుకోలేకపోయాడు.

జూన్ 23, ఆదివారం

ఇవాళా వెతికాడు. వంటింటి గట్టు కింద, సోఫా కింద, గుమ్మం పక్కన చెప్పుల అరలో. దొరకలేదు. ఫినాయిలు చల్లమంటే చల్లాడు.

ఇంత ఎండలోనూ నాకు చలేస్తోంది. రక్తం చూసే మిషను అంకె చూపించకుండా ‘హై’ అని ఊరుకుంది. బ్యాటరీ పోయినట్టుంది. ఈ ఇంట్లో ఒక్క వస్తువూ సరిగ్గా పనిచేయదు, మనుషుల సంగతి సరేసరి.

జూన్ 24

షాపులో కూడా ఎలుక చచ్చింది.

జూన్ 30, ఆదివారం

ఆస్పత్రి. ఇన్నాళ్ళూ కలం పట్టుకునే ఓపిక లేదు. కోపానికి మాత్రం ఓపిక ఉంది, అందుకే రాస్తున్నాను.

మంగళవారం పొద్దున ఒళ్ళు కాలిపోతుంటే షాపుకి పోలేక మంచం మీద కూర్చున్నాను. మా ఆయన టార్చి పట్టుకుని మంచం కిందకి దూరాడు. ఎలుక కోసమే. ఎంతకీ బయటికి రాడు. టార్చి వెలుగు నా కాలి దగ్గర ఆగిపోయింది.

"సాక్సు తీద్దామా," అన్నాడు కిందనుంచే.

"ఎలుకని వెతకమంటే నా కాళ్ళ దగ్గర మీకేం పని?"

బయటికొచ్చి, నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, సాక్సు మెల్లగా కిందకి లాగాడు. సాక్సుతో పాటు పట్టీ వచ్చింది. పట్టీతో పాటు ఇంకేదో వచ్చింది. బొటనవేలు నల్లగా ఉంది, దాని పక్కది ఊదారంగులో ఉంది. నేను అరుస్తూనే ఉన్నాను. ఏమని అరిచానో గుర్తులేదు. ఆయన మొహం గుర్తుంది. తిట్టలేదు. ఇన్నాళ్ళూ దాచావా అని ఒక్క మాట అని ఉంటే నాకు కాస్త హాయిగా ఉండేది. లేచి బండి పిలిచాడు.

సర్జను గుమ్మంలో నిలబడే చెప్పాడు. "ఇవాళైతే రెండు వేళ్ళు. రేపంటే పాదం. ఎల్లుండంటే మోకాలి దాకా."

బతుకంతా గుడ్డ బేరమాడాను. ఒక రోజు ఆగితే అమ్మేవాడే దిగొస్తాడు. ఆగేకొద్దీ ఎక్కువ అడిగే బేరం ఇదొక్కటే చూశాను. వేళ్ళు ఇచ్చేశాను. ఇన్సులిన్ కూడా వాళ్ళే మొదలుపెట్టేశారు, నన్నడగలేదు. అడిగితే ఏమనేదాన్నో నాకే తెలియదు.

జూలై 2

డాక్టరమ్మ వచ్చింది. మంచం పక్కన నిలబడి చాలాసేపు కాలి కట్టు వైపు చూసింది.

"ఆరోజు తాకినప్పుడల్లా కరెక్టుగా చెప్పారు. ఎలా చెప్పారమ్మా?"

గోడ వైపు తిరిగాను.

"కళ్ళు తెరిచి చూశారు కదూ. నన్ను మోసం చేస్తే నాకేం పోతుంది? నా పాదాలు నాకున్నాయి. నేనే మీ కళ్ళకి ఒక గుడ్డ కట్టి ఉండాల్సింది. ఇకనుంచి అందరికీ కడతాను, మీ పుణ్యమా అని." చెప్పి విసురుగా వెళ్ళిపోయింది.

కోపమొస్తే మనిషి బాగుంది. ఆవిడ చెబితే ఇకమీదట వింటానేమో.

జూలై 5, శుక్రవారం

నిచ్చెన వచ్చింది. పండ్లూ గిండ్లూ ఏం తేలేదు. కటింగ్ తనకిచ్చారట. తెర కింద అంచుకి ఎంత మడత వదలాలని అడగడానికి వచ్చింది. జానెడు వదలమన్నాను, తెర ఎగరకుండా లోపల వేసే బరువు గొలుసు పట్టాలి కదా అన్నాను. సరేనంది. వెళ్తుందనుకున్నాను, వెళ్ళలేదు.

"ఆరోజే చూశాను," అంది. "మీ పాదం పక్కన రక్తం అంటుకుని ఉంది."

"చూసి చెప్పలేదా?"

"చెప్పబోయాను. గుడ్డ ఏడ్చిందా అన్నారు. అందరూ నవ్వు ఆపుకున్నారు. ఇంకేం చెప్పను?"

"నా వేళ్ళు పోయాయి."

"తెలుసు," అంది. "అందరి ముందూ నా చేత కాలెత్తించారు. మేం ఐదుగురం ఎత్తాం. మీ కాలు కూడా చూపించండని అడిగే ధైర్యం మా ఒక్కరికీ లేకపోయింది. అడిగితే మర్నాడు పనుండేది కాదు."

"ఉండేది," అన్నాను.

నవ్వింది. మంచి నవ్వు కాదు. అంచు జానెడే కదా అని మళ్ళీ అడిగి వెళ్ళిపోయింది.

చూసింది. చూసి నోరు మూసుకుని ఇంటికెళ్ళి పడుకుంది. నా రెండు వేళ్ళూ ఆవిడే మింగింది. ఇది రాశాక కొట్టేద్దామనుకున్నాను. కొట్టెయ్యను. కోపం వచ్చిన మాట నిజం.

జూలై 9, మంగళవారం

ఇల్లు. కంపు లేదు.

పొద్దున్నుంచీ నిచ్చెననే తిడుతున్నాను. మా ఆయన ఆస్పత్రి బట్టలు మడతపెడుతూ వింటున్నాడు. "కళ్ళ ముందు మనిషి కాలు కుళ్ళిపోతుంటే చూస్తూ ఊరుకునేవాళ్ళని ఏమనాలి?" అన్నాను. తువ్వాలు సగం మడిచి ఆగాడు.

"నాకూ తెలుసు," అన్నాడు.

"ఏంటి?"

"ఎలుక లేదని."

నాకు అర్థం కాలేదు. ఆయన తువ్వాలు వైపే చూస్తూ చెప్పాడు. "శనివారం పొద్దునే తెలిసింది. నువ్వు వంటింట్లోకెళ్తే కంపు వంటింట్లోకి వెళ్ళేది. హాల్లోకొస్తే హాల్లోకొచ్చేది."

"మరి ఆ బీరువా, ఆ అటక, అవన్నీ ఎందుకు జరిపారు?"

"నువ్వు వెతకమన్నావు కదా."

చేతికందిన గ్లాసు విసిరాను. గోడకి తగిలి దొర్లింది, స్టీలుది కాబట్టి బతికింది. నాలుగు రోజులు. శని, ఆది, సోమ, మంగళ. ఆ శనివారమే వెళ్ళి ఉంటే మందుతో పోయేదేమో, ఒక వేలితో పోయేదేమో. "నోరు లేదా మీకు?" అని అరిచాను. "ముప్పై ఏళ్ళు బండెడు పిల్లల అరుపుల మధ్య బస్సు నడిపారు. నా ఒక్కదాని అరుపుకి భయపడ్డారా?"

"వాళ్ళు అరిచేవాళ్ళు. కానీ నేను కూర్చోమంటే వినేవాళ్ళు," అన్నాడు. "నీకు చెప్పాలని మంగళవారం దాకా మాటలు కూడబలుక్కున్నాను. ఎటునుంచి మొదలుపెట్టినా నువ్వేమంటావో ముందే వినపడేది. అందుకే ఎలుకని వెతుకుతూ నీ కాలి దాకా వచ్చాను."

అప్పుడు ఆయన ఏడ్చాడు. పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆయన ఏడవడం చూడలేదు, వాళ్ళమ్మ పోయినప్పుడు కూడా. నాకు జాలి రాలేదు. వచ్చిందంతా కోపమే. నేను తిట్టడానికి ఎవరూ మిగల్లేదని కోపం. నిచ్చెనా భయపడింది, ఈయనా భయపడ్డాడు. డాక్టరమ్మని నేనే మోసం చేశాను. ఈ ఇంట్లో, ఆ షాపులో అందరికీ ముక్కులున్నాయి, కళ్ళున్నాయి. నా ఒక్కదానికే నోరుంది.

అన్నం తినలేదు. ఇంజెక్షను చేసుకున్నాక తినకపోతే కళ్ళు తిరుగుతాయని ఆయన గుమ్మంలోంచి చెప్పాడు. లోపలికి రాకుండా, గుమ్మంలోంచి. తిన్నాను.

జూలై 10, బుధవారం

రెండో పాదానికీ స్పర్శ లేదట. ఇంటికి పంపే ముందు ఆస్పత్రిలో కళ్ళకి గుడ్డ కట్టి చూశారు. ఒక్కటీ చెప్పలేకపోయాను. రోజూ పొద్దునా సాయంత్రం అరికాలు, వేళ్ళ సందులు, మడమ అన్నీ ఎవరో ఒకరు చూడాలట. నేను వంగలేను, అద్దంలో కూడా అన్నీ మసకగానే కనపడుతున్నాయి. ఎవరో ఒకరు అంటే ఆయనే.

పొద్దున కళ్ళద్దాలు పెట్టుకుని వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. కాలు ఒళ్ళో పెట్టమన్నాడు. పెట్టలేదు.

"ముందు ఒక మాటివ్వు," అన్నాడు. "ఏం కనపడినా, నేనేం చెప్పినా అరవనని."

ఇవ్వడం తేలికే. ఇచ్చి ఉంటే ఆయన నమ్మేవాడు కూడా, ఎవరేం చెప్పినా తలూపే మనిషి. నా సంగతి నాకు తెలియదా?

"మాటివ్వను," అన్నాను. "అరుస్తాను. అయినా మీరు చెప్పండి."

ఈసారి ఆయన తలూపలేదు. "అరిచినా చెప్పాలా?"

"అరిచినా చెప్పాలి. గ్లాసు విసిరినా చెప్పాలి."

కట్టు లేని కాలు తీసి ఆయన ఒళ్ళో పెట్టాను. పాదాన్ని వెలుగు వైపు తిప్పి, వేళ్ళు ఒక్కొక్కటే విడదీసి చూశాడు. ఆయన చేతులు కనపడుతున్నాయి, తగలడం మాత్రం తెలియలేదు. మడమ దగ్గర ఆగాడు.

"ఇక్కడ పగిలింది. సన్నగా. లోపల ఎర్రగా ఉంది. ఇవాళే చూపించాలి."

అరిచాను. పక్కింటివాళ్ళు కిటికీ వేసుకునేంత అరిచాను. నిన్నగాక మొన్న ఆస్పత్రి నుంచి వచ్చాను, మళ్ళీ ఆస్పత్రా అన్నాను, మీ కళ్ళద్దాలు మార్పించుకోండి అన్నాను, ఇంకా ఏవేవో అన్నాను. ఆయన నేను ఆగేదాకా ఆగి, "మడమ దగ్గర పగిలింది, ఇవాళే చూపించాలి," అని మళ్ళీ చెప్పాడు.

పాదం మాత్రం వెనక్కి లాక్కోలేదు.